పదకొండో డబ్బా

జహీరాబాద్ చుట్టుపక్కల నారమ్మ గుంపు తెలియని రైతు ఉండేవాడు కాదు. మొత్తం పన్నెండు మంది ఆడవాళ్లు. అల్లం తవ్వినా, శనగ పీకినా, జొన్న కోసినా ఒక్క మాట మీద నడిచేవాళ్లు, ఆ మాట నారమ్మది. మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండు చేల అవతలికి వినబడేది. చదువు లేదు గానీ లెక్కలో ఆమెను బోల్తా కొట్టించినవాడు లేడు. చేనులో ఒక సాలు పూర్తయితే కొంగుకు ఒక ముడి వేసేది. పొద్దు వాలాక గట్టు మీద నిలబడి, ఒక్కో ముడీ విప్పుతూ, ఇన్ని సాళ్లయ్యాయని రైతుకు అప్పజెప్పేది. ఇరవై ఏళ్లలో ఒక్క ముడి తేడా రాలేదు. నా మాట నమ్మకపోతే మానెయ్యండి, ఆ రైతుల కొడుకులు ఇంకా ఉన్నారు, వెళ్లి అడగండి.

అలాంటి మనిషికి, రష్యావాళ్లు మనిషిని ఆకాశంలోకి పంపిన మూడో ఏడు, గుంపంతా ఎదురు తిరిగింది.

రాయికోడ్ మహాదేవప్ప అల్లం తవ్వడానికి రమ్మని కబురు పంపాడు. ఆయన చేనంటే ఆడవాళ్లకు పండగే. బండి ఆయనే పంపుతాడు, మధ్యాహ్నం రొట్టెలోకి కోడికూర పెట్టిస్తాడు. నారమ్మ మాత్రం పోమంది. ఎందుకు పోమో చెప్పమంటే, పోమంటే పోమంతేనంది. దానికి తోడు నెల రోజులుగా నీడ పడే పొట్టి సాలు ఎల్లమ్మకే ఇస్తోంది. గంప మోసే పని అందరికీ ఉంది, ఎల్లమ్మకు లేదు.

"ఎల్లమ్మ నీకేం మందు పెట్టింది అక్కా?" అని ఒకనాడు సుగుణమ్మ అడిగేసింది. సుగుణమ్మ గుంపులో రెండో పెద్ద. మాట పడదు, మాట దాచుకోదు. "సోమవారం పొద్దుగాల చెప్పాలె నువ్వు. రాయికోడ్ పోదామా, వద్దా. వద్దంటే మేం పోతం. బండి నేనే పిలిపిస్త."

అసలు సంగతి ఇద్దరికే తెలుసు. ఎల్లమ్మకు నాలుగో నెల. అంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. ఐదో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని, దిష్టి తగుల్తదని, నారమ్మ చేత చేతిలో చెయ్యి వేయించుకుని మరీ ఒట్టు తీసుకుంది. రాయికోడ్ బాటలో ఎద్దుబండి ఎక్కినవాళ్లకు నడుము ఎన్ని ముక్కలవుతుందో తెలుసు. ఆ బండి ఎల్లమ్మను ఎక్కించడానికి నారమ్మకు ధైర్యం చాలలేదు. ఆమె ఒక్కదాన్నే ఆపితే గుట్టు బయటపడుతుంది. చెబితే ఒట్టు పోతుంది, చెప్పకపోతే గుంపు పోతుంది. అంత పెద్ద గొంతున్న మనిషి నోరు మూసుకుని తిరగడం ఎంత నరకమో ఆమెకే తెలియాలి.

ఆ శనివారమే గుడారం టాకీసులో రాకెట్ సినిమా పడింది. జట్కా మీద మైకు పెట్టి ఊరంతా అరిచారు: పదహారు రీళ్ల హిందీ సినిమా, రాకెట్టు, ఎర్ర గ్రహం, అందాల రాణి. తగవులు తగవులే, సినిమా సినిమానే. పన్నెండు మందీ మొదటి ఆటకు వెళ్లి ఆడవాళ్ల వైపు ఇసుకలో చాపలు పరిచారు.

ఆ గుడారంలో మిషను ఒక్కటే. ఒక రీలు అయిపోగానే తెర నల్లబడుతుంది, దీపం వెలుగుతుంది, ఆపరేటరు ఇంకో డబ్బా విప్పుతాడు. దీపం వెలిగినప్పుడల్లా నారమ్మ చెయ్యి దానంతటదే కొంగు మీదకు పోయి ఒక ముడి వేసింది. అలవాటు. చేనైతేనేం, తెర అయితేనేం.

సినిమాలో మనవాళ్లు నలుగురు రాకెట్టెక్కి ఎర్ర గ్రహం చేరతారు. అక్కడ చుక్క నీటికి కరువు. జనం కుండలు పట్టుకుని ఏడుస్తుంటే, అక్కడి రాణి ఉన్న నీళ్లన్నీ కొండ పక్కన తలుపులు మూసిన ఒక ఇంటికి పంపిస్తుంది. ఎందుకని హీరో అడిగితే పలకదు. రాక్షసి అని తిడితే పలకదు. హీరో గొడ్డలి పట్టుకుని ఆ ఇంటి తలుపు మీదకు పోతాడు. దీపం వెలిగింది. మళ్లీ తెర మీద బొమ్మ పడేసరికి అదే హీరో రాణి కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని దండం పెడుతున్నాడు.

గుడారమంతా గొల్లుమంది. "మందు పెట్టిందిరా," అని మగవాళ్ల వైపు నుంచి ఒకడు. "మందే, మందే," అని ఆడవాళ్లు. ఇంక ఆఖరిదాకా రాణి ఏం చేసినా ఈలలు, శాపనార్థాలు.

బయటికొచ్చాక సుగుణమ్మ అందరికీ వినబడేలా అంది: "నీళ్లన్నీ అదే పోసుకుంటది. అడిగితే నోరిప్పది. అచ్చం మన నారమ్మక్క లెక్కనే ఉంది." అందరూ నవ్వారు. ఎల్లమ్మ ఒక్కతే తల దించుకుంది.

నారమ్మకు ఒళ్లు మండింది. తనను అన్నందుకు కాదు, ఆ రాణిని అన్నందుకు. "నీళ్లన్నీ అదే పోసుకుంటే దాని పెదవులెందుకు పగుల్తయే? చూసిన్రా మీరు? తెరంత పెద్దగ చూపిస్తే గూడ కనబడలే? అందరు తాగినంక కుండ అడుగున ఉన్నది తాగింది గా పిల్ల."

"మరి హీరో ఎందుకు కాళ్ల మీద పడ్డడు? మందు పెట్టకనేనా?"

"మందు లేదు, గిందు లేదు. నడుమ ఒక సాలు పోయింది." నారమ్మ కొంగు చాచింది. "మైకుల ఏం జెప్పిండు? పదహారు రీళ్లని. లెక్కబెట్టుర్రి. పదిహేనే ఉన్నయ్ ముడులు."

సుగుణమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. పదిహేనే. "నువ్వే ఒక ముడి మరిచినవేమో అక్కా," అంది. మెల్లగానే అంది గానీ అది సూటిగా తగిలింది. ఇరవై ఏళ్ల లెక్క మీద మొట్టమొదటి అనుమానం. అది తప్పని తేలకపోతే సోమవారం దాకా ఆగక్కరలేదు, గుంపు ఇప్పుడే పోయినట్టు. 

తెల్లారి ఆదివారం నారమ్మ నేరుగా గుడారానికి వెళ్లింది. మేనేజరు శివరాజ్ చాయ్ తాగుతున్నాడు.

"సేటూ, ఒక డబ్బా తక్కువేసినవ్."

శివరాజ్‌కు పొలమారింది. "ఎవరు జెప్పిన్రు నీకు?"

"నా కొంగు జెప్పింది."

దబాయించి చూశాడు. బుజ్జగించి చూశాడు. ఆమె డబ్బాల వరస ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, నువ్వే లెక్కపెట్టమంది. వేరే దారి లేక లెక్కపెట్టాడు. డబ్బాల మీద అంకెల్లో పది తర్వాత పన్నెండుంది. అప్పుడు నసుగుతూ నిజం చెప్పాడు. సినిమా పోయిన వారం కోహీర్‌లో ఆడింది, పదకొండో డబ్బా అక్కడే ఉండిపోయింది. "రాకెట్ సినిమా గదమ్మా, ఎట్లైనా ఎవ్వరికి అర్థం కాదు, ఒక డబ్బా లేకున్నా ఎవరికి తెలుస్తది అనుకున్న."

"ఊరంత గా ఆడపిల్లను తిడుతున్నరు సేటూ. నీకు జర గూడ పాపమనిపించలేదా? డబ్బా తెప్పియ్. మా పన్నెండు మందిని మళ్ల కూసోబెట్టు. లేకుంటే నేనే జట్కా ఎక్కి మైకుల చెప్త."

ఆ గొంతుకు మైకు అక్కరలేదని శివరాజ్‌కు అప్పటికే తెలిసింది. గేటు దగ్గరుండే నర్సింలును సైకిలు మీద కోహీర్ తరిమాడు.

సాయంత్రం పన్నెండు మందీ మళ్లీ అదే ఇసుకలో కూర్చున్నారు. పది రీళ్లూ తెలిసినవే, కబుర్లతో గడిపేశారు. దీపం వెలిగింది. నారమ్మ ముడి వేసింది. పదకొండో డబ్బా మొదలైంది.

హీరో గొడ్డలితో తలుపు పగలగొట్టాడు. లోపల ఉయ్యాలలు. వరసలు వరసలుగా ఉయ్యాలలు. ఆ గ్రహంలో మిగిలిన పసిపిల్లలంతా అక్కడే ఉన్నారు. ఆ గ్రహం మీదికి దండెత్తిన శత్రువుకు తెలిస్తే పిల్లల్ని బతకనివ్వడని రాణి సొంత మనుషులకు కూడా చెప్పలేదు. నీళ్లన్నీ ఆ పిల్లలకే. చివరి ఉయ్యాల దగ్గర రాణి నిలబడి, చెంబులో మిగిలిన చుక్కను పసిగుడ్డు నోట్లో పోసి, పగిలిన తన పెదవులను చేత్తో తుడుచుకుంది.

గుడారంలో ఒక్క ఈల లేదు. దీపం వెలిగేసరికి మగవాళ్ల వైపు కూడా కండువాలు కళ్ల మీదికి పోయాయి. ఎల్లమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నాకు నాలుగో నెల," అంది ఆ ఏడుపులోనే. "నేనే చెప్పొద్దన్న. నా కోసమే అక్క అందరితోని మాటలు పడ్డది."

"నీ నోరు పడ, ఐదో నెల గూడ నిండకపాయె, ఎందుకు చెప్తివే?" అంటూ నారమ్మ దాని నెత్తి మీద ఒకటిచ్చి, అదే చేత్తో దగ్గరికి తీసుకుంది. ఆమె కళ్లూ ఆగలేదు.

 సుగుణమ్మ తను కూర్చున్న మెత్తటి చాప తీసి ఎల్లమ్మ కింద పరిచింది. "దిష్టి మేం పెడ్తమా? మా దిష్టి అంత రాకెట్ రాణికి పెట్టి అయిపోయింది," అంది. మిగతా సినిమా ఎవరు చూశారో దేవుడికే తెలియాలి. పన్నెండు మందీ ఒకేసారి ఏడుస్తూ నవ్వుతూ ఎల్లమ్మకు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పడంలోనే పడ్డారు.

సోమవారం మహాదేవప్ప బండి వచ్చింది. పోవద్దని నారమ్మ అనకముందే సుగుణమ్మ బండిని తిప్పి పంపింది. కోడికూర మాత్రం కాన్పయ్యాక తింటామని మహాదేవప్పకు చెప్పమని బండివాడితో అంది. ఆ వేసవి చివర్లో ఎల్లమ్మకు ఆడపిల్ల పుట్టింది. రాణి అని పేరు పెట్టారు. మహాదేవప్ప పన్నెండు మందికీ కోడికూర పంపించాడు.

ఆ తర్వాత నారమ్మ ఇంకా పదహారేళ్లు గుంపును నడిపింది. అంతకాలంలో ఆమె కారణం చెప్పకుండా వద్దన్న పనులు చాలానే ఉన్నాయి. కొత్తగా చేరిన ఏ పిల్లయినా మూతి ముడిస్తే సుగుణమ్మ ఊరుకునేది కాదు.

"జర ఆగు బిడ్డా, తొందరపడకు. ఒక డబ్బా ఇంక కోహీర్‌లనే ఉంది."