ఓడ రాకముందే చెప్పాల్సిన పేరు

అట్టపెట్టె మీది టేపు కోయగానే ఖర్జూరం వాసన గుప్పుమంటుంది. కొంచెం బెల్లం పాకంలా, కొంచెం ఎండలో పెట్టిన అట్టలా ఉంటుంది. మండీ బజార్‌లో నా దుకాణం షట్టర్ ఎత్తి సీజన్ మొదటి పెట్టె తెరిచినప్పుడల్లా నాకు బషీర్ కాక గుర్తొస్తాడు. ఆయన వెనకే, పిలవని పేరంటానికి వచ్చినట్టు, అనూష కూడా గుర్తొస్తుంది. అదే నాకు గిట్టదు.

కాక విదేశాల నుంచి ఖర్జూరాలు, ఎండు అంజీర్లు తెప్పించి వరంగల్ చుట్టుపక్కల ఊళ్లకు అమ్మే వ్యాపారి. కాక అంటే బాబాయే అయినా నాకు రక్తసంబంధం ఏమీ లేదు. డిగ్రీ పూర్తిచేసి వర్ధన్నపేట నుంచి ఆయన ఆఫీసుకు వచ్చిన మొదటి రోజు "సార్" అని పిలిస్తే, "సార్లంత కలెక్టరాఫీసుల ఉంటరు. నేను కాకను. నజీమా, జర ఆ కుర్సీ మీద కూసో" అన్నాడు. ఆ కుర్చీ ఆయన బల్లకు ఆనుకుని ఉండేది. ఇన్‌వాయిస్ చదవడం, రేవులో మా పని చూసే ఏజెంటుతో మాట్లాడటం, అధికారులు సరుకులోంచి నమూనా తీసి పరీక్షకు పంపితే ఓపిక పట్టడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. పుట్టింటికంటే ఆ చోటునే ఎక్కువగా నాదనుకున్నాను.

కాకకు ఒక పట్టింపు ఉండేది. సముద్రం మీద ఉన్న సరుకు పేరు ఎవరూ నోటితో అనకూడదు. వాళ్ల నాన్న ఒకసారి ఓడ ఇంకా దారిలో ఉండగానే బజారంతా చెప్పుకున్నాడట. పెట్టెల్లోకి ఉప్పునీళ్లు దిగి సరుకంతా పారబోయాల్సి వచ్చిందట. దిష్టి తగిలిందని ఇంటిల్లిపాదీ నమ్మారు. అందుకే మా ఆఫీసులో దారిలో ఉన్న ఖర్జూరాలను "చుట్టాలు" అనేవాళ్లం.

"నజీమా, చుట్టాలు ఏడిదాకొచ్చిండ్రు?"

"తొవ్వల ఉన్నరు కాకా."

ఓడ రేవును తాకిందని ఏజెంటు ఫోన్ చేశాకే అసలు పేరు మా నోటికొచ్చేది. అధికారులకు సమాచారం పంపేదీ ఆ తర్వాతే. ఆ పట్టింపును నేను ఆయనకంటే నిష్ఠగా పాటించాను. కొత్తవాళ్లెవరైనా నోరు జారితే కళ్లెర్రజేసేదాన్ని.

ఆ కొత్తవాళ్లలో అనూష ఒకతి. మరిపెడ రైతు బిడ్డ. వచ్చిన నెల తిరక్కుండానే "సార్" మానేసి "కాకా" అంది. ఎవరిని అడిగి పిలిచిందో మరి. నా పళ్లెంలో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. పైగా ఏ మాటకైనా ఎదురు చెప్పేది, ఆయన నవ్వేవాడు. అన్నేళ్లలో నేను ఎదురు చెప్పనూ లేదు, ఆయనను అంతగా నవ్వించనూ లేదు.

ఆ ఏడు రంజాన్‌కు ముందు ఏజెంటు నుంచి కబురొచ్చింది. నిబంధన మారింది. బయటి దేశం నుంచి వచ్చే తిండి సరుకు ఏదైనా సరే, ఓడ రాకముందే దాని పేరు, బరువు, ఎక్కడ ప్యాక్ చేసిందీ రేవులోని ఆరోగ్య తనిఖీవాళ్లకు తెలపాలి. తెలపకపోతే కంటైనర్‌ను పక్కన పెడతారు, దాని వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మా సరుకు అప్పటికే సముద్రం మీద ఉంది. కాక మనసు నాకు తెలుసు కాబట్టి, "పాత పద్ధతిలనే పోదాం కాకా, ఏజెంటు ఏదో ఒకటి చూసుకుంటడు" అన్నాను. ఆయన తలూపాడు. ఆయనను నాకన్నా బాగా అర్థం చేసుకున్నవాళ్లు లేరని లోలోపల మురిసిపోయాను.

అనూష వచ్చి బల్ల ముందు నిలబడింది.

"కాకా, ముందుగాల చెప్పకపోతే సరుకు రేవులనే ఉంటది. పండుగ అయినంక ఖర్జూరపండు ఎవరు కొంటరు?"

ఆ పేరు అనేసింది. నేను ఉలిక్కిపడి ఆయన ముఖం చూశాను. కాక ఆమె వైపే తిరిగాడు.

"పేరు చెప్పాల్నా బిడ్డా?"

"చెప్పాలె. చుట్టాలు వస్తాండ్రని రాస్తే వాళ్లకు తెల్వదు కద."

ఆయన లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు. ఆమె కంప్యూటర్ పక్కన కూర్చుని, సన్నటి గొంతుతో, "రాయి. ఖజూర్" అన్నాడు. అనూష తన నీళ్ల సీసా ఆయన ముందుకు జరిపి టైపు చేసుకుంటూ పోయింది. ఆయన అంతగా భయపడ్డ క్షణాన పక్కన ఉన్నది నేను కాదు. ఆ సరుకు రేవులో ఆగిపోయినా బాగుండునని అనుకున్నాను, అబద్ధమెందుకు.

ఆగలేదు. రంజాన్ నెల మొదలయ్యేలోపే వరంగల్ చేరింది. ఆ వెంటనే కాక రేవు పనంతా అనూషకు అప్పగించి, నన్ను ఆఫీసు కిందున్న దుకాణం చూసుకోమన్నాడు. పెద్ద బాధ్యత అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇంట్లోంచి లేపి గడప బయట కూర్చోబెట్టినట్టే ఉంది. తట్టుకోలేక ఒక మధ్యాహ్నం అడిగేశాను.

"నేనేం తక్కువ చేసిన కాకా?"

"తక్కువేం చెయ్యలే. నా భయాన్ని నాకన్న మంచిగ కాపాడినవ్. ఆ పిల్లకు నా భయమంటే లెక్కలేదు. ముసలోన్నైతాన్న నజీమా, నాకిప్పుడు గట్లాంటోళ్లే కావాలె."

"మరి నేను?"

"నిన్ను చూస్తే నాకు నేనే కనవడ్త. నాతోని నాకేం పని?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

కాక చనిపోయాక ఆయన పిల్లలు ఈ వ్యాపారం వద్దనుకుంటే నేనే తీసుకున్నాను. అనూష ముంబైలో ఒక ఏజెంటు ఆఫీసులో చేరింది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి "మంచిగున్నవా అక్కా" అంటుంది. మాటల్లో కాక ప్రస్తావన వస్తే ఏడుస్తుంది. నేను ఓదారుస్తాను. ఫోన్ పెట్టేశాక, నాకంటే ముందు ఆమె ఎందుకేడవాలని కాసేపు ముఖం మాడ్చుకుని కూర్చుంటాను.

ఈ మధ్య నిబంధన మళ్లీ మారింది. సమాచారం ఇంకా ముందుగా పంపాలట. నేను అలవాటు ప్రకారం పని కానిస్తుంటే, కొత్తగా చేరిన ఫర్హానా, "గట్ల కాదక్కా, మారింది. మీరు సూస్కోలే" అని ముఖం మీదే చెప్పింది. ఒళ్లు మండింది. అయినా పక్కన కూర్చుని చివరిదాకా విన్నాను. అలా వినడం నాకు కాక ఎప్పుడూ నేర్పలేదు. ఆయన అనూష మాట వింటుంటే పక్కనుంచి చూసి నేర్చుకున్నాను. ఫర్హానా వేలితో స్క్రీన్ చూపిస్తూ వివరంగా చెబుతోంది, ఆమె చెప్పిందే సరైనది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. కాక బతికి ఉంటే ఈ పిల్లను కూడా నాకన్నా ఎక్కువ ఇష్టపడేవాడు.