ఇంటి నంబర్లు తారీఖులైన రోజు

డిసెంబరు 6, మంగళవారం. ఉప్పల్‌లో ఎన్నికల విభాగం గది. హాజరైనవారు: సహాయ ఓటరు నమోదు అధికారిగా నేను, సూపర్‌వైజర్ అంజయ్య, కంప్యూటర్ ఆపరేటర్ స్వప్న, నాచారంలోని ఒక బూత్‌కు బీఎల్‌ఓ, అంటే ఇంటింటికీ తిరిగి ఓటర్లను సరిచూసే ఉద్యోగి, భాగ్యమ్మ. ఆమె అసలు కొలువు అంగన్‌వాడీ టీచర్.

నా పదవీ విరమణకు ముందు చివరి ఓటరు జాబితా సవరణ అది. సాయంత్రం ఐదింటికి పోర్టల్ మూసుకుంటుంది. ఆలోగా 'ఇల్లు దొరకని ఓటర్ల' జాబితాపై బీఎల్‌ఓ సంతకం తీసుకుని అప్‌లోడ్ చేయాలి. తర్వాత ఆ పేర్లకు నోటీసులు వెళ్తాయి. లేని ఇంటికి వెళ్లిన నోటీసు తిరిగొస్తుంది, పేరు తొలగిపోతుంది. భాగ్యమ్మ బూత్‌లో అలాంటి పేర్లు రెండు పేజీలున్నాయి. ఆమె సంతకం పెట్టనని కూర్చుంది.

"ఆ ఇళ్లకు వెళ్లావా, లేదా?" అని గట్టిగానే అడిగాను.

"ఏ ఇంటికి పోవాలె సార్? మీరే సూడున్రి. యాదగిరి, ఇంటి నంబరు నాలుగో తారీఖు, ఆగస్టు, రెండువేల పన్నెండు. గిది ఇల్లా, బర్త్‌డేనా?"

అంజయ్య విసుక్కున్నాడు. "టీచరమ్మా, సిస్టంల గట్లనే వచ్చింది. పెద్దసార్లు సూసే డ్యాష్‌బోర్డుల మన బూత్ ఎర్రగ కనవడుతున్నది. సంతకం పెట్టు, పచ్చగైతది."

"నువ్వు పెట్టు అన్నా. మా సెంటర్ తాళంచెవి యాదగిరి మామ ఇంట్లనే ఉంటది. పొద్దుగాల ఆడ చాయ్ తాగొచ్చిన. ఆ ఇల్లే లేదని ఎట్ల రాయాలె?"

ఆమె సంచిలోంచి పోలియో చుక్కల రిజిస్టర్ తీసింది. అందులో యాదగిరి ఇల్లు 4-8-12. అప్పుడు తెలిసింది. మన ఇళ్ల నంబర్ల మధ్య అడ్డగీతలుంటాయి. స్ప్రెడ్‌షీట్‌లో పడగానే కంప్యూటర్ వాటిని తేదీలుగా మార్చేసింది. అదే ఇంట్లో కిరాయికున్నవాళ్లది 4-8-12/ఎ. ఆ 'ఎ' వల్ల అది తేదీ కాలేదు. ఓనర్లు మాయమై కిరాయిదారులు మిగిలారు. జాబితాను వీధులవారీగా పేర్చడానికి షీట్‌లోకి మార్చమన్నది నేనే.

"ఇది మారకుండా చేసే దారి లేదా?" అని స్వప్నను అడిగాను.

"ఉన్నది సార్. ఆ కాలమ్‌ను ముందుగాలనే టెక్స్ట్ అని పెడితే మారదు."

"మరి పెట్టలేదేం?"

"పెట్టుమని ఎవ్వలు చెప్పలె సార్."

ఆ రోజు నేను రాసుకున్న డైరీలో ఈ జవాబు కింద రెండు గీతలున్నాయి.

అసలు జాబితాను మళ్లీ దించుకుందామంటే పోర్టల్‌ను ఆ రోజు అప్‌లోడ్‌కు మాత్రమే తెరిచారు. భాగ్యమ్మ రిజిస్టర్ చూసి నంబరు చదివింది, స్వప్న టైపు చేసింది, నేను టిక్కు పెట్టాను. భోజనానికి ఎవరం లేవలేదు. పైఅధికారి రెండుసార్లు ఫోన్ చేసి, పని ఎంతవరకు వచ్చిందని కాదు, రంగు ఎప్పుడు మారుతుందని అడిగారు. దొరికిన ఇళ్లను తీసేసిన జాబితాపై భాగ్యమ్మ సంతకం పెట్టింది; ఐదుకు పది నిమిషాల ముందు రంగు మారింది.

"యాదగిరి మామ మళ్లా పుట్టిండు పో," అన్నాడు అంజయ్య.

"ఆగస్టుల కాదన్నా, ఇయ్యాల," అంది భాగ్యమ్మ.

మరునాడు ఉదయం ఆమె వచ్చి ఫోన్ నా బల్ల మీద పెట్టింది. బీఎల్‌ఓలు ఎక్కడ తిరుగుతున్నారో చూసే యాప్ తనంతట తానే మెమో పంపింది. నిన్న పగలంతా ఆమె బూత్ పరిధిలో లేదు, ఒక్క ఇల్లూ తనిఖీ చేయలేదు, సంజాయిషీ ఇవ్వాలి.

"గీ యాప్‌కు మీరే చెప్పున్రి సార్."

సంజాయిషీ నేనే రాశాను. ఆమె నా ఆదేశంపై నా గదిలో ఉందనీ, నంబర్లు చెడిపోవడానికి కారణం నేనేననీ. యాప్‌లోని గడిలో రెండు వాక్యాలకు మించి పట్టలేదు. కాగితం మీద రాసి, సంతకం చేసి, తపాలా రిజిస్టర్‌లో ఎక్కించి పంపాను.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ పని మీద ఏ జాబితా వచ్చినా, సంతకానికి ముందు అందులోంచి ఒక ఇంటి నంబరు తీసుకుని ఆ గుమ్మం దాకా నడిచాను. ఆ అలవాటు ఆ ఉదయమే మొదలైంది. భాగ్యమ్మతో కలిసి 4-8-12కి వెళ్లాను. ఇల్లు ఉంది.