ఫ్యాను పెట్టాక పుంజుకున్న ఫైర్‌వాల్

ఆ రోజుల్లో ఉద్యోగమంటే పొద్దున్నే ఇస్త్రీ చుడీదార్ వేసుకుని వెళ్లి, మధ్యాహ్నానికల్లా బుర్ర తిరిగేటన్ని ఇంగ్లీషు మాటలు వినడమేనని అనుకునేదాన్ని. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగు ముగించి, ఏలూరులో ఓ చిన్న నెట్‌వర్క్ కంపెనీలో చేరిన కొత్త. మా సీనియర్‌ను వెనకాల గిగాబిట్‌గారు అనుకునేవాళ్లం (ఇంట్లో కాఫీ ఆలస్యమైనా స్పీడు పడిపోయిందనేవారట). కొల్లేరు వైపు ఒక చేపల ఎగుమతి ఆఫీసుకు ఫైర్‌వాల్ అమ్మాలి. అంటే బయటి నుంచి నెట్‌లో వచ్చేదంతా తనిఖీ చేసి, చెడ్డదాన్ని ఆపే పెట్టె. అది అమ్ముడుపోతేనే నా ఉద్యోగం పర్మనెంటు.

పెట్టెకు అటొక లాప్‌టాప్, ఇటొక లాప్‌టాప్ పెట్టి, మధ్యలోంచి డేటా కుమ్మరించి, తనిఖీ చేస్తూ కూడా ఎంత వేగం నిలుస్తుందో ఆ ఆఫీసులోనే యజమానిగారికి చూపించడమే పరీక్ష. మొదట వేగం సగానికి పడిపోయింది. గిగాబిట్‌గారి మొహమూ పడిపోయింది. ఆ గదిలో ఉక్క తట్టుకోలేక నేను గోడకున్న ఒక ప్లగ్గు పీకి ఫ్యాను పెట్టాను. అంతే, స్క్రీను మీద వేగం ఒక్కసారి ఎగిరింది!

"చూశారాండీ! వేడెక్కాక ఎలా పుంజుకుందో!" అన్నారు గిగాబిట్‌గారు. యజమానిగారు తలూపారు, ఆయన మేనేజరూ తలూపాడు. నాకు మాత్రం అంతా అయోమయంగా ఉంది.

"నాకర్థం కాలేదండీ," అన్నాను. "పెట్టె మీద లైట్లు వెలగట్లేదేంటండీ?"

అందరూ వంగి చూశారు. నేను పీకింది ఫైర్‌వాల్ ప్లగ్గే! కరెంటు పోయినా నెట్ ఆగకూడదని, పెట్టె ఆగిపోతే తనిఖీ లేకుండా అంతా నేరుగా వదిలేసే ఏర్పాటు అందులో ఉందట. గిగాబిట్‌గారు చెమటలు కక్కుతూ ఆ సంగతి వివరించారు.

"అంటే ఏవండీ, మీ పెట్టె పని మానేస్తేనే బాగా పనిచేస్తుందన్నమాట," అన్నారు యజమానిగారు.

నా ఉద్యోగం కొల్లేట్లో కలిసిందనుకున్నాను. ఫ్యాను పీకేసి ఆ ప్లగ్గు మళ్లీ పెట్టాను. వేగం సగానికి దిగింది. యజమానిగారు స్క్రీను చూసి పకపకా నవ్వారు. "ఇందాకటిదాకా ఇది ఏమైనా చేస్తుందా అని అనుమానంగా ఉండేదండీ. ఇప్పుడు నిజంగానే అడ్డుపడుతోందని తెలిసింది. పెట్టేయండి."

ఇప్పుడు నేనే సీనియర్‌ని. మీటింగుల్లో ఎవరేం చెప్పినా గంభీరంగా తలూపుతాను, అందులో సగం అర్థం కాదు. అప్పుడప్పుడు ఆ రోజు ప్లగ్గు పీకిన ఆ పిల్ల నా పక్క కుర్చీలో కూర్చుని ఉంటే బాగుండుననిపిస్తుంది. ఈపాటికి అడిగేసేది.