నడక కబడ్డీ

నిన్న పొద్దున మా కోడలు ఫోన్ చూస్తూ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. మనవడి బడి నుంచి మెసేజ్ వచ్చిందట. చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని నడిచే పందెంలో ఈసారి నిజం నిమ్మకాయ వాడరట, ప్లాస్టిక్‌దే. రసం పిల్లల కళ్లల్లో పడుతుందేమోనని కొందరు తల్లిదండ్రులు కంగారుపడ్డారట. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే, నేరేడ్‌మెట్ బడిలో నాలుగో తరగతికి తెలుగు చెప్పిన రోజులూ, నా క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చున్న ఒక తల్లీ గుర్తుకొచ్చారు.

ఆ ఏడాది మా బడిలో ఒక పిల్లవాడు పరుగెడుతూ పడి పెదవి పగలగొట్టుకున్నాడు. తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. మర్నాటి నుంచి బడి ఆవరణలో ఎవరూ పరుగెత్తకూడదని నియమం పెట్టారు. కావాలనుకున్న తల్లిదండ్రులు క్లాసులో కూర్చోవచ్చని కూడా అన్నారు. చాలామంది కొద్దిరోజులు ముచ్చటపడి మానేశారు. భీమవరం నుంచి వచ్చి యాప్రాల్‌లో స్థిరపడ్డ ఈవిడ మాత్రం మానలేదు. కూతురు నెలలు నిండకుండా పుట్టిందట, చాలాకాలం ఆసుపత్రుల చుట్టూ తిరిగారట. అందుకని రోజూ ఒక చిన్న దిండు, ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని వచ్చేవారు. "మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి, మా అమ్మాయిని కాస్త ఫ్యాను కింద నుంచి జరుపుతారా?" అని పద్యం మధ్యలో అడిగేవారు. నేను ప్రశ్న వేస్తే పిల్ల కంటే ముందు వెనక నుంచి జవాబు వచ్చేది. ఆవిడ జవాబులు బాగానే ఉండేవి, కాదనను. కానీ పిల్ల నోరు తెరిచే ముందు వెనక్కి తిరిగి చూడడం అలవాటు చేసుకుంది. నాకు బాధల్లా అదే.

నాకంటే ఎక్కువ ఇరుకున పడ్డది మా పీటీ సారు. "ఏందీ మేడమ్ గిది, ఉరకొద్దంటే నేనేం ఆడియ్యాలె? ఇంకొక్క పిల్లకు దెబ్బ తాకితే నౌకరీ పోతదని చెప్పిన్రు," అని స్టాఫ్ రూములో మొత్తుకునేవారు. చివరికి ఆయనే నడక కబడ్డీ కనిపెట్టారు. కూతకు వెళ్లినవాడు మెల్లగా నడుస్తాడు, పట్టుకునేవాళ్లు ఇంకా మెల్లగా నడుస్తారు. గీత చేరేలోపే ఊపిరి చాలక కూత ఆగిపోయేది. చూడ్డానికి అచ్చం పెళ్లి ఊరేగింపులా ఉండేది.

ఒక మధ్యాహ్నం నేను వరండాలో కాపీలు దిద్దుతున్నాను. ఆవిడ వేపచెట్టు నీడలో దిండు వేసుకుని ఆట చూస్తున్నారు. కూతకు వెళ్లిన ఆవిడ కూతురు, అందరూ చుట్టూ మూగేసరికి, వాళ్ల చేతుల కింద నుంచి దూరి పరుగందుకుంది. "ఉరుకు, ఉరుకు!" అని మైదానమంతా అరుపులు. పిల్ల గీత మీద బోర్లా పడింది. సారు ముఖం పాలిపోయింది. అందరికంటే ముందు అక్కడికి చేరింది వాళ్లమ్మే. కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, చెప్పులు దారిలోనే వదిలేసి పరుగెత్తారు. "ఆంటీ ఏం ఉరికింది సార్!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు.

పిల్ల అప్పటికే లేచి, గీరుకుపోయిన మోకాలు దులుపుకుంటోంది. తల్లి పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "మమ్మీ, సార్‌ని ఏమనకు. నేనే ఉరికిన. గీత సుత ముట్టిన, ఔట్ కాలే!" అంది గట్టిగా. మోకాలు చూసి బెంగపడాలో, ఆ 'ఉరికిన' విని బెంగపడాలో ఆవిడకు తేలలేదు.

"మేడమ్, జెర కంప్లైంట్ గిట్ల..." అని సారు నసిగారు.

"కంప్లైంటేంటండీ! అది ఔట్ అయిందా కాలేదా, ముందది చెప్పండి," అన్నారావిడ రొప్పుతూ.

కాలేదని సారు తేల్చారు. మర్నాడు ఆవిడే ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికెళ్లి, పిల్లల్ని పరుగెత్తనివ్వమని చెప్పి వచ్చారట. నియమాన్ని ఎవరూ ఎత్తేయలేదు గానీ, పాటించడం మాత్రం మానేశారు. పిల్ల ఇక వెనక్కి చూడకుండా జవాబులు చెప్పేది. సగం తప్పులే, అయినా తనవే. ఆవిడ మొదట మధ్యాహ్నాలు రావడం మానేశారు, తర్వాత కిటికీ దగ్గర కాసేపు నిలబడి వెళ్లేవారు, ఆ తర్వాత గేటు దాకానే. పిల్ల ఆ ఒక్క ఆటల పీరియడ్‌లోనే పెద్దదైపోయిందని నాకనిపించింది. ఆ సంగతి వాళ్లమ్మ నమ్మడానికి మాత్రం వేసవి సెలవుల దాకా పట్టింది.