మొసళ్ళకు బాపు కొట్టిన గంట

తెలంగాణ రాకముందు మాట. ఆదివారం పొద్దున ఐదున్నరకు మా బాపూ నేనూ గోదావరిఖని నుంచి ఆటోలో రామగుండం స్టేషనుకు బయలుదేరాం. వరంగల్ అవతల ఒక జంతువనంలో మా బావ రాజేశం మొసళ్ళకు మేత వేస్తాడు. అక్కడ ఒకే మడుగులో రెండున్నాయి. పెద్దది రెండు వాటాలూ మింగుతుంటే, బావ పిల్లప్పటి నుంచి సాకిన ఆడది చిక్కి సగమైంది. ఈ వారం కూడా తినకపోతే దాన్ని వేరే చోటికి పంపేస్తారట.

బాపు ముప్ఫయ్యేళ్ళు బొగ్గుబాయిలో బొగ్గు నింపిన టబ్బుల్ని తాడుతో లాగే హాలర్ యంత్రం నడిపాడు. అక్కడ గంట ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. మొసళ్ళకూ అదే నేర్పమని మూడు నెలల కిందట ఫోనులో చెప్పాడు. ఒక దెబ్బకు పెద్దదానికి ఈ గట్టున, రెండు దెబ్బలకు ఆడదానికి ఆ గట్టున మేత. బావ నేర్పాడు, కానీ పాచిక పారలేదు.

పెద్దపల్లి దాటాక జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు విప్పాం. బాపు ఎదుటి సీటాయనకు కథంతా చెప్పేశాడు.

"మొసలికి గంట వినపడుతదా కాకా?" అని ఆయన నవ్వాడు.

"నాకంటె మంచిగనే వినపడుతది." హాలర్ మోతకు బాపు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వేసరికి నాకు ఒళ్ళు మండింది.

కాజీపేటలో దిగి, బస్సు పట్టుకుని పదకొండుకు చేరాం. లోపల తాగునీళ్ళు దొరకవు, వెళ్ళేవాళ్ళు వెంట తీసుకెళ్ళండి.

బావ చేపల బకెట్టుతో వచ్చి ఈ గట్టు మీది గంట ఒక దెబ్బ కొట్టాడు. పెద్దది వచ్చి తింది. అవతలి గట్టుకు నడిచి అక్కడి గంట రెండు దెబ్బలు కొట్టి చేప విసిరాడు. ఆడది కదిలేలోపే పెద్దది ఈదుకుంటూ వచ్చి ఆ చేపనూ లాక్కుంది.

"చూసినవా మామా? రోజూ గింతే."

"అది గంటను వింటలేదు రాజేశం, నీ బకెట్టును చూస్తున్నది," అన్నాడు బాపు. "బాయిల గంట కొట్టెటోడు హాలరోనికి కనపడుతడా? ఇద్దరం కొట్టాలె. గోడ ఎనక ఉండి కొట్టాలె."

చేపలు పంచుకుని చెరో గట్టున మడుగు గోడ చాటుకు చేరారు. బాపు ఒక దెబ్బ కొట్టి చేప విసిరాడు. పెద్దది అటు మళ్ళింది. దాని నోరు నిండి ఉండగానే అవతల రెండు దెబ్బలు మోగాయి. ఆడది మెల్లగా గట్టెక్కి, చేప నోటకరిచి, తల పైకెత్తి మింగింది.

"తిన్నది మామా!" అని బావ అరిచాడు. బాపుకు వినపడలేదు. గంట తాడు పట్టుకుని గోడ వెనకే నిలబడ్డాడు. నేను పరుగెత్తి వెళ్ళి ఆయన కుడి చెవిలో చెప్పాను. "మంచిది," అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం రైల్లో బాపు సీటుకు ఆనుకుని నిద్రపోయాడు. "మీ బాపు ఏం పని చేసెటోడు బిడ్డా?" అని ఒక అవ్వ అడిగింది. ఎవరడిగినా ఇన్నేళ్ళూ బాయిపని అని ఊరుకునేదాన్ని.

"హాలర్ డ్రైవరు," అన్నాను, బోగీ అంతా వినేలా. "ఇయ్యాల మొసళ్ళకు డ్యూటీ నేర్పిండు."

బాపు కళ్ళు తెరవలేదు. "ఏమన్నవ్ బిడ్డా? వినపడలే. ఇంకోసారి చెప్పు."

ఆయన మంచి చెవి నా వైపే ఉంది. అయినా మళ్ళీ చెప్పాను.