మేకకు రొట్టె, నాకు పస్తు

పొద్దున నల్లాలో నీళ్లు వచ్చిన కాసేపట్లోనే తంటాలు పడి డ్రమ్ము నింపి డ్యూటీకి పోయాను. సాయంత్రం అఫ్జల్‌గంజ్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ, చెమటతో ఇల్లు చేరితే డ్రమ్ము ఖాళీ! వాకిట్లో పక్కింటి ఖాదర్ భాయ్ మేక నా సబ్బు వాసన కొడుతూ మెరిసిపోతోంది. పక్కనే తడిసి ముద్దయిన నా కూతుళ్లిద్దరు.

"ఏంది గిది? నీళ్లన్ని మేకకు పోస్తరా?" అని అరిచాను.

"మేక గలీజుగ ఉండె బాపూ. తానం చెయ్యకుంటే బువ్వ పెట్టొద్దని నువ్వే అంటివి గదా! గందుకే తానం చేపిచ్చి రొట్టె పెట్టినం," అంది పెద్దది.

నల్లా మళ్లీ రేపు పొద్దునే. ఆకలికి ఆగలేక అన్నానికి కూర్చుంటే, చిన్నది నా కంచం లాగేసుకుంది.

"నువ్వింక తానం చెయ్యలే గదా, బాపూ!"

ఎవరింట్లోనైనా బకెట్ నీళ్లున్నాయా? అన్నం చల్లారిపోతోంది.