బాపు కోయనివ్వని బోడకాకర

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఏడాది మా చెలక భూమి రోడ్డు కింద పోయింది. చుట్టుపక్కల వాళ్లు బోరు మోటార్లు, కంచె కడ్డీలు విప్పుకుని తెచ్చుకున్నారు. మా బాపు గడ్డపారతో బోడకాకర గడ్డను తవ్వి తెచ్చాడు. అక్కడ రెండు తీగలుండేవి. ఒకటి ఏటా కాసేది. రెండోది పూయడమే గానీ ఒక్క కాయ ఇచ్చిన పాపాన పోలేదు. "ఆ గొడ్డుదాన్ని ఎందుకు మోస్తవు బాపూ, ఇడిసిపెట్టు" అన్నది నేనే.

కిరాయి ఇంటి వెనక గడ్డ పెట్టాం. తొలకరికి తీగ లేచి, గోడెక్కి, పసుపు పూలు పూసింది. ప్రతి పువ్వు కింద గోరంత పిందె. నాలుగు రోజులకే పసుపెక్కి రాలిపోయేది. బజారులో కొన్న బోడకాకర వండితే బాపు పక్కకు నెట్టేవాడు. "మనది గాదు" అనేవాడు. మూడు వానాకాలాలు ఇలాగే గడిచాయి. తన తీగ కాయ మళ్లీ ఒక్కసారి తినాలి, అంతే ఆయన కోరిక.

నేను హైస్కూల్లో సైన్సు టీచరును. చెప్పుకోవడానికే సిగ్గు. ఒకరోజు మొక్కల ప్రత్యుత్పత్తి పాఠం చెబుతూ, కొన్నిట్లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, ఉదాహరణకు బొప్పాయి అని బోర్డు మీద రాసి ఆగిపోయాను. గొడ్డుదని నేను వదిలేయించింది మగ తీగను. దాని పుప్పొడి అందకనే మా పిందెలు రాలుతున్నాయి. ఏటా ఇదే పాఠం చెప్పి పిల్లలకు మార్కులు వేసేదాన్ని, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంటికొచ్చి చెబితే బాపు నవ్వాడు. "సదువుకున్నదానివి, నీకే తెల్వకపాయె. నాకేం తెలుస్తది?" తిట్టినా బాగుండేది.

రావిర్యాల దిక్కు గుట్టల్లో రెండు ఆదివారాలు తిరిగి, పిందెల్లేని పూల తీగ ఒకటి పట్టాను. విచ్చుకోబోతున్న పూలు తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి స్కూటీ మీద తెచ్చాను. పొద్దుగూకే వేళ బాపు మగ పువ్వు రెక్కలు తుంచి, ఆడ పువ్వుకు అద్దాడు.

"ఏంది బిడ్డా, గీ వయసుల నాతోని పూలకు పెండ్లి చేయిస్తున్నవ్?"

"జర మెల్లగ బాపూ, పిల్ల బెదురుతది."

ఒక్క పిందె నిలిచింది. రోజూ లేవగానే వెళ్లి చూసేవాడు. అది కూరకు పనికొచ్చేంత ఎదిగిన రోజు నేను తెంపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెంపకు. పండనియ్. గడ్డ ముసల్దయింది, ఇగ గింజలే దిక్కు."

"మరి ఇన్నేండ్లు దేనికి ఎదురుచూసినవ్?"

"వచ్చే ఏడు తింట తియ్."

ఆయన గుటక మింగడం నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

కాయ పండి, పగిలి, ఎర్రటి గింజలు బయటపడ్డాయి. బాపు వాటిని బూడిదలో కలిపి దాచాడు. ఆ ఎండాకాలంలోనే పోయాడు.

వానలకు గింజలు మొలిచాయి. వాటిలో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. రెండేళ్లకు గోడ నిండా కాయలు. ఇంట్లో అందరూ ఇష్టంగా తింటారు. నాకే ముద్ద దిగదు. ఆ రోజు ఆ ఒక్క కాయను బాపు చూడకుండా తెంపి వండి పెట్టాల్సింది. గింజలు పోతే పోయేవి. బాపు తినేవాడు.